7తో 4, 9తో 2, 11తో 5 మిగిలితే ఎంత? శేషాల లెక్కలు, భాజనీయత లెక్కలు అన్నీ ఇక్కడనే అడగండి

పరకాల_ప్రిపరేషన్
ఏనుమాముల మార్కెట్ల ఒక అడ్తి ముందట తేజ మిర్చి బస్తాలు ఉన్నయి. 7 చొప్పున వరుసలు పేరిస్తె 4 మిగులుతయి, 9 చొప్పున అయితె 2, 11 చొప్పున అయితె 5. మొత్తం బస్తాలు 500 కంటె ఎక్కువ, 1000 కంటె తక్కువ. ఎన్ని?

ఆప్షన్లు లెవ్వు, ఖాళీ గడి నింపుడే. 7, 9, 11 క.సా.గు. 693. దానికి ఏం కలపాలె, ఏం తీసెయ్యాలె? మూడు శేషాలల్ల పొంతన కనవడుతలేదు.

ఏనుమాముల_గేటు
అడ్తిదారును అడిగితె రెండు నిమిషాల్ల చెప్తడు 😀

శేషం_సున్నా
పొంతన లేనప్పుడు క.సా.గు.తోని మొదలు పెట్టొద్దు తమ్మీ. అది ఆఖరుకు పనికొస్తది. పెద్ద భాజకం పట్టుకో.

11తో 5 మిగిలేవి 5, 16, 27, 38… వీటిని 9తో భాగిస్తె ఏం మిగులుతదో చూడు. ప్రతిసారి భాగహారం చెయ్యకు. 11 కలిపితే 9 దగ్గర శేషం 2 పెరుగుతది, అంతే. 5, 7, తర్వాత 9 అంటే 0, తర్వాత 2. నాలుగో సంఖ్య 38 దగ్గర 2 దొరికింది. ఆగు.

ఇప్పుడు 11, 9 రెండూ కుదిరినయి. ఇక్కడి నుంచి అడుగు 11 కాదు, 99. చాలామంది ఈ జాగల 11 తోనే ముందుకు పోతరు, 9తో కుదిరింది కాస్త చెడిపోతది. 99ని 7తో భాగిస్తె 1 మిగులుతది కాబట్టి ఒక్కో అడుగుకు 7 దగ్గర శేషం 1 పెరుగుతది. 38కి 3, 137కి 4. దొరికింది.

అన్నిట్ల చిన్నది 137. ఇగో, 693 పని ఇప్పుడు: 137, 830, 1523… 500కు 1000కి నడుమ ఉన్నది 830 ఒక్కటే.

సరిచూసుకో: 7×118 = 826, 4 మిగులు. 9×92 = 828, 2 మిగులు. 11×75 = 825, 5 మిగులు.

జగిత్యాల_జ్యోతి
పెద్ద భాజకంతో ఎందుకు మొదలు పెట్టాలో కూడా చెప్తే గుర్తుంటది. 11తో మొదలుపెడితే 9 కోసం ఎక్కువలో ఎక్కువ 9 సంఖ్యలు, 7 కోసం 7 సంఖ్యలు చూడాలి. మొత్తం 16. అదే 7తో మొదలుపెట్టి 9, 11 దిక్కు పోతే 9, 11 కలిసి 20. ఇక్కడ తేడా చిన్నగనే ఉంది కానీ భాజకాలు 5, 8, 37 లాగ ఉంటే చాలా కలిసొస్తది.

మడికొండ_మాస్టారు
పై పద్ధతి ఎప్పుడైనా పనిచేస్తుంది. అయితే దానికంటే ముందు ఐదు సెకన్లు రెండు విషయాలు చూడండి. శేషాలు అన్నీ ఒకటేనా? అయితే క.సా.గు. గుణిజానికి ఆ శేషం కలిపితే చాలు. శేషాలు వేరువేరుగా ఉండి, భాజకంలోంచి శేషం తీసేస్తే వచ్చే తేడా ఒకటేనా? అయితే క.సా.గు. గుణిజంలోంచి ఆ తేడా తీసెయ్యాలి. 6, 8, 10తో భాగిస్తే వరుసగా 4, 6, 8 మిగిలే కనిష్ఠ సంఖ్య కావాలంటే, తేడా అంతటా 2, క.సా.గు. 120, జవాబు 118.

మిర్చి లెక్కలో తేడాలు 3, 7, 6. ఆ దారి మూసుకుపోయింది కాబట్టే శేషం_సున్నా గారి పద్ధతి.

పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపి ఇస్తారు. 12తో 7, 15తో 10 మిగలాలి, 11తో నిశ్శేషంగా పోవాలి. మొదటి రెండింటికీ తేడా 5, వాటి క.సా.గు. 60. కాబట్టి సంఖ్య 60 గుణిజానికి 5 తక్కువ: 55, 115, 175… 55 అప్పటికే 11 గుణిజం. అయిపోయింది. ఇట్లాంటి లెక్కకు మూడు వరుసలు రాసుకుంటూ కూర్చోవడం టైమ్ దండగ.

హుజూరాబాద్_హుషార్
సార్, ఇది చూడుండ్రి. 12తో భాగిస్తె 5, 18తో భాగిస్తె 8 మిగిలే మూడంకెల సంఖ్య. 18 ఎక్కం మొత్తం తిప్పిన, తేడాలు కలుస్తలేవు, వరుస పద్ధతిల కూడ దొరుకుతలేదు.

జగిత్యాల_జ్యోతి
దొరకదు. 12తో 5 మిగిలితే అది బేసి సంఖ్య. 18తో 8 మిగిలితే సరి సంఖ్య. రెండూ ఒకటే సంఖ్య ఎట్లయితది?

ఇది సరి, బేసితోనే బయటపడ్డది. అన్నిసార్లు అంత తేలికగ దొరకదు కాబట్టి పక్కా పరీక్ష చెప్తున్నా. రెండు భాజకాల గ.సా.భా. తీయండి. ఇక్కడ 6. రెండు శేషాలను 6తో భాగించండి: 5కి 5, 8కి 2. రెండూ ఒకటే రాకపోతే ఆ లెక్కకు జవాబే లేదు. గ.సా.భా. 1 అయితే ఈ గొడవ లేదు, ఏ శేషాలు ఇచ్చినా జవాబు ఉంటది. మిర్చి లెక్కల 7, 9, 11 అట్లాంటివే.

ప్రశ్నలో 8 కాదు, 11 అయి ఉంటది. అప్పుడు తేడా రెండు దిక్కుల 7, క.సా.గు. 36, సంఖ్యలు 29, 65, 101… మూడంకెల కనిష్ఠం 101. 12, 18 గుణిస్తే 216 వస్తదని అడుగు 216 తీసుకోవద్దు. 36 తోనే పోవాలి, లేకపోతే నడుమ జవాబులు జారిపోతయి.

హుజూరాబాద్_హుషార్
8 అనే అచ్చయింది అక్క. అచ్చుతప్పు అన్నట్టు.

పరకాల_ప్రిపరేషన్
ఇంకోటి. 2క7ప4 అనే అయిదంకెల సంఖ్య 72తో నిశ్శేషంగ పోతది. క, ప ఎంతెంత? 72 అంటే 6×12 గదా, 6తో పోవాలె, 12తో పోవాలె అని చేస్తె బొచ్చెడు జవాబులు వస్తున్నయి.

శేషం_సున్నా
ఆ విడగొట్టుడే తప్పు. 12 అనే సంఖ్యనే చూడు. 6తో పోతది, 12తో పోతది, 72తో పోతదా? 6కు, 12కు ఉమ్మడి కారణాంకం ఉన్నది, అందుకే రెండు పరీక్షలు పాసయినా 72 గ్యారంటీ లేదు. 3×24 కూడ అంతే, 4×18 కూడ అంతే. 72ను పరస్పర ప్రధాన సంఖ్యలుగ విడగొట్టే తీరు (1×72 పక్కకు పెడితె) ఒక్కటే: 8×9.

8 కోసం చివరి మూడంకెలు 7ప4. 704 అంటే 8×88, అది సున్నా. మిగిలింది 10×ప, 8తో చూస్తె 2×ప. అది 8 గుణిజం కావాలంటే ప = 0, 4, 8.

9 కోసం అంకెల మొత్తం 13 + క + ప. అది 18 గాని 27 గాని కావాలె. అంటే క + ప = 5 లేదా 14.
ప 0 అయితే క 5. ప 4 అయితే క 1. ప 8 అయితే క 6.
25704, 21744, 26784. 72తో భాగిస్తె 357, 302, 372.

క + ప = 14 మరిచిపోయి 5 దగ్గరనే ఆగితె మూడోది పోతది. ఎక్కువమంది పోగొట్టుకునేది దాన్నే.

హుజూరాబాద్_హుషార్
మూడు జవాబులు వస్తె గడిల ఏది నింపాలె?

మడికొండ_మాస్టారు
ప్రశ్న పూర్తిగా చూడాలి. ఇంకో షరతు ఉండి ఉంటుంది. ఉదాహరణకు "7తో కూడా నిశ్శేషంగా భాగించబడితే" అని ఉందనుకోండి.

7కు మంచి దారి 1001. ఎందుకంటే 7×11×13 = 1001. 1001 వీటితో నిశ్శేషంగా పోతుంది, 1000 దానికంటే ఒకటి తక్కువ, కాబట్టి 7 దగ్గర 1000కి శేషం −1 అవుతుంది. కాబట్టి సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకదాన్ని కలిపి, పక్కదాన్ని తీసేస్తే చాలు. 25704కు 704 − 25 = 679, అంటే 7×97. 21744కు 744 − 21 = 723, 7తో 2 మిగులు. 26784కు 784 − 26 = 758, మళ్లీ 2 మిగులు. జవాబు 25704 ఒక్కటే.

చివరి అంకెను రెట్టింపు చేసి మిగతాదాంట్లోంచి తీసేసే పద్ధతి కూడా ఉంది కదా, దాంతో 7తో పోతుందా లేదా అన్నదే తెలుస్తుంది, శేషం ఎంతో తెలియదు. 10ని తీసుకోండి: 1 − 0 = 1, కానీ 10ని 7తో భాగిస్తే మిగిలేది 3. 1001 పద్ధతిలో శేషం కూడా ఉన్నదున్నట్టు వస్తుంది. పైగా 11, 13 కూడా అదే తీసివేతలో అయిపోతాయి.

పరకాల_ప్రిపరేషన్
గట్లయితె వంద 1లు పక్కపక్కన రాసిన సంఖ్యను 7తో భాగిస్తె?

మడికొండ_మాస్టారు
111111 = 111×1001. ఆరు ఒకట్లు ఒక కట్ట, 7తో నిశ్శేషంగా పోతుంది. 100లో 16 కట్టలు పోతే చివర 4 ఒకట్లు. 1111లోంచి 1106 పోతే 5. ఒకట్ల బదులు 8లు ఉంటే 5×8 = 40, దానికి 7తో శేషం 5.

హుజూరాబాద్_హుషార్
ఘాతాల మీద కూడ ఎవరన్న రాయుండ్రి. 2¹⁰⁰ ఒకట్ల స్థానం అడిగితె, 100ని 4తో భాగిస్తె శేషం 0, 2⁰ = 1, జవాబు 1 అని ఒక గైడ్‌ల ఉన్నది. సరి సంఖ్య చివర 1 ఎట్ల వస్తది?

శేషం_సున్నా
రాదు. జవాబు 6. ఒకట్ల స్థానం 2, 4, 8, 6 అని తిరుగుతది. శేషం 0 వస్తె సున్నా ఘాతం కాదు, చక్రంల ఆఖరుది, అంటే నాలుగో ఘాతం తీసుకోవాలె.

ఆ గైడ్ పద్ధతి 7కు, 3కు, 9కి పనిచేస్తది. అందుకనే తప్పు కనవడదు. 7⁴ చివర 1 ఉన్నది, 7⁰ కూడ 1, ఏది తీసుకున్నా ఒకటే. 2కు 10తో ఉమ్మడి కారణాంకం ఉన్నది కాబట్టి దాని చక్రంల 1 ఎప్పటికీ రాదు. ఇంకా అన్యాయం చూడు: 2 ఘాతాలను 12తో భాగిస్తె శేషాలు 2, 4, 8, 4, 8, 4, 8… మొదటి 2 మళ్ల కనవడదు. చక్రం రెండో ఘాతం నుంచి మొదలయితది. 2⁵⁰ సరి ఘాతం కాబట్టి శేషం 4.

దీన్నే కొందరు పైన కింద 4 కొట్టేసి, 2⁴⁸ని 3తో భాగిస్తరు, శేషం 1 వస్తది, 1 అనే రాసి వస్తరు. కొట్టేసిన 4తో శేషాన్ని మళ్ల గుణించాలె. 1×4 = 4. భాగఫలం మారదు గని శేషం మారుతది.

జగిత్యాల_జ్యోతి
చివరి రెండంకెలు అడిగితే 7 చాలా సుఖం. 7⁴ = 2401, చివర 01. 7²⁰²³ అంటే 2023 = 4×505 + 3, కాబట్టి 7³ = 343, జవాబు 43.

ఫెర్మా సిద్ధాంతం (భాజకం ప్రధాన సంఖ్య అయితే, దానితో పోని సంఖ్యకు భాజకం కంటే ఒకటి తక్కువ ఘాతం వేస్తే శేషం 1) దిక్కు ఉరికేముందు 1 గానీ −1 గానీ దగ్గర్లో ఉందా చూడండి. 5¹⁰⁰ని 13తో భాగిస్తే ఎంత మిగులుతది? 5² = 25, అది 26 కంటే ఒకటి తక్కువ, అంటే −1. (−1)⁵⁰ = 1. అయిపోయింది, 12తో 100ని భాగించే పనే లేదు. అట్లనే 17²³ని 18తో భాగిస్తే (−1)²³ = −1. శేషం రుణంగా ఉండొద్దు కాబట్టి 18 కలిపి 17.

ఫెర్మాకు భాజకం ప్రధాన సంఖ్య కావాలి. 15కు వాడి 2¹⁴ శేషం 1 అంటే తప్పు. 2⁴ = 16 కాబట్టి శేషం 1, 2¹⁴ల మిగిలేది 2², జవాబు 4. తిరగేసి వాడినా ప్రమాదమే: 2³⁴⁰ని 341తో భాగిస్తే 1 మిగులుతది, అయినా 341 ప్రధాన సంఖ్య కాదు, 11×31.

పరకాల_ప్రిపరేషన్
మళ్ల మొదటికి వస్తున్న. భాజకాలు పెద్దగుంటె? 73తో 18, 52తో 5 మిగలాలె. వరుస రాస్తె పేజీ నిండుతుంది.

మడికొండ_మాస్టారు
నిజమే, వరుసగా వెతికితే ఇక్కడ నలభయ్యోది దాకా పోవాలి. ఇట్లాంటి వాటికి ఆర్యభటుడు 499లోనే దారి చూపాడు, కుట్టకం అంటారు. పెద్ద సంఖ్యలను మాటిమాటికీ భాగించి, పొడి చేసి, చిన్నవి చేసుకోవడమే దాంట్లో పని.

సంఖ్య = 73క + 18 అనుకుందాం. 52తో చూస్తే 73 బదులు 21 చాలు. 21క + 18కి శేషం 5 రావాలి, అంటే 21కకు −13, 52 కలిపితే 39. 21, 39 రెండూ 3తో పోతాయి. 3కు, 52కు ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి 3 కొట్టెయ్యవచ్చు. ఇక 7కకు శేషం 13 రావాలి.

ఇప్పుడు 7ను దేనితో గుణిస్తే 52 దగ్గర 1 మిగులుతుందో కావాలి. 52 = 7×7 + 3. 7 = 3×2 + 1. వెనక్కి రండి: 1 = 7 − 2×3, 3 స్థానంలో 52 − 7×7 పెడితే 1 = 15×7 − 2×52. కావలసింది 15. సరిచూస్తే 7×15 = 105, 104 పోతే 1.

క = 13×15 = 195, 156 పోతే 39. సంఖ్య 73×39 + 18 = 2865. 52×55 = 2860, 5 మిగులు. తర్వాతి జవాబుకు 73×52 = 3796 కలపాలి.

మొదటి భాస్కరుడు 629లో రాసిన ఆర్యభటీయ వ్యాఖ్యలో ఒక లెక్క ఉంది: 8తో 5, 9తో 4, 7తో 1 మిగిలే సంఖ్య. దీనికి కుట్టకం కూడా అక్కర్లేదు. 9తో 4 మిగిలేవి 4, 13. 13కి 8తో 5 వచ్చింది. అడుగు 72. 13కి 7తో 6, 85కి 1. జవాబు 85.

శేషం_సున్నా
సార్ 3 కొట్టేసిన జాగల ఒక మాట. ఉమ్మడి కారణాంకం ఉంటె భాజకాన్ని కూడ కొట్టాలె. 6కకు 10తో శేషం 8 అంటే, 2 కొట్టేస్తె 3కకు 5తో శేషం 4. క = 3, 8. భాజకం 10 అట్లనే ఉంచితె 8 ఒక్కటే దొరుకుతది, 3 పోతది.

కాజీపేట_యార్డు
శేషాలు పరీక్షలకే అనుకోకుండ్రి. యార్డుల నిలవడ్డ బొగ్గు వ్యాగన్ మీద 11 అంకెల నంబర్ ఉంటది. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేది, తర్వాతి రెండు తయారైన సంవత్సరం, నాలుగు అంకెల వరుస సంఖ్య. పదకొండోది తనిఖీ అంకె, నంబర్ తప్పు రాస్తె పట్టిచ్చేది. అది పుట్టేది శేషం నుంచే.

ఎడమ నుంచి సరి స్థానాల అంకెలు కలిపి 3తో గుణించాలె. దానికి బేసి స్థానాల అంకెలు కలపాలె. వచ్చినదాన్ని పై పదికి చేర్చడానికి ఎంత తక్కువ పడితె అది తనిఖీ అంకె. ఉత్తగ ఒక నంబర్ అనుకుందాం: 2206113457. సరి స్థానాలు 2+6+1+4+7 = 20, మూడింతలు 60. బేసి స్థానాలు 2+0+1+3+5 = 11. మొత్తం 71. 80కి 9 తక్కువ. 11వ అంకె 9.

హుజూరాబాద్_హుషార్
3తోనే ఎందుకన్న? 2 అయితె కాదా?

కాజీపేట_యార్డు
2 అయితె సరి స్థానంల 1 బదులు 6 రాసినా మొత్తంల 10 తేడా వస్తది, 10తో శేషం మారదు, తప్పు దొరకదు. 3కు 10తో ఉమ్మడి కారణాంకం లేదు. ఏ ఒక్క అంకె మారినా శేషం మారి తీరుతది. 7 పెట్టినా అంతే.

జగిత్యాల_జ్యోతి
పక్కపక్క అంకెలు తారుమారయితే మాత్రం అన్నీ దొరకవు. తారుమారుతో మొత్తం మారేది ఆ రెండు అంకెల తేడాకు రెండింతలు. తేడా 5 అయితే 10 మారుతది, అంటే శేషం అట్లనే ఉంటది. మీ నంబర్‌లోనే 6, 1 తిప్పి 2201613457 చేయండి. సరి స్థానాలు 15, మూడింతలు 45. బేసి స్థానాలు 16. మొత్తం 61, 70కి 9 తక్కువ. మళ్లీ అదే 9.

పరకాల_ప్రిపరేషన్
పుస్తకాల వెనక ఉండే ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబర్) కూడ ఇట్లనే ఉంటదా?

జగిత్యాల_జ్యోతి
2007 నుంచి వాడుతున్న 13 అంకెలది ఇదే తీరు, 1, 3 గుణకాలు, 10తో శేషం. కాబట్టి 5 తేడా ఉన్న తారుమారు దానికీ దొరకదు. పాత 10 అంకెల దాంట్లో గుణకాలు 10 నుంచి 1 దాకా, మొత్తం 11తో నిశ్శేషంగా పోవాలి. తారుమారయితే మార్పు అంకెల తేడా, గుణకాల తేడా రెండింటి లబ్ధం. రెండూ 11 కంటే చిన్నవే, 11 ప్రధాన సంఖ్య, కాబట్టి ఆ లబ్ధం 11తో పోనే పోదు. ఏ తారుమారయినా పట్టుబడుతది. ఒక్కటే ఇబ్బంది, తనిఖీ అంకె ఒక్కోసారి 10 వస్తది, ఒక గడిలో పట్టదు. అందుకే పాత పుస్తకాల మీద కొన్నింటికి చివర అంకె ఉండదు, ఎక్స్ ఉంటది.